అనాథ ఖడ్గమృగపు పిల్లల కేంద్రంలో నాలుగు వారాల సేవ: వెళ్లడం వల్ల వాటికి మేలు జరుగుతుందా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. వేటగాళ్ల చేతిలో తల్లులను పోగొట్టుకున్న ఖడ్గమృగపు పిల్లలను సాకి, పెద్దవయ్యాక తిరిగి అడవికి చేర్చే కేంద్రాలు దక్షిణాఫ్రికాలో ఉన్నాయని చదివినప్పటి నుంచి, అలాంటి ఒక చోట కొంతకాలం స్వచ్ఛందంగా పనిచేయాలన్న కోరిక నన్ను వదలడం లేదు. ఆ దేశంలో కొమ్ము కోసం చంపిన ఖడ్గమృగాలు 2007లో 13 మాత్రమే కాగా, 2014 నాటికి ఆ సంఖ్య ఒక్క ఏడాదిలోనే 1,215కు చేరిందని, తరువాత తగ్గినా 2024లో కూడా 420 చనిపోయాయని తెలిసినప్పుడు, ఆ తల్లుల పక్కన నిలబడిపోయిన పిల్లల సంగతి ఏమిటన్న ఆలోచనే నాకు మొదట వచ్చింది.

నాకు నాలుగు వారాల సెలవు దొరుకుతుంది. జంతువుల సంరక్షణలో ఎటువంటి శిక్షణా లేదు. పదేళ్లుగా లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను. రెండు కేంద్రాలకు రాశాను, రెండూ జవాబిచ్చాయి. మొదటిది వారానికి ఇంత అని రుసుము తీసుకుంటుంది; ప్రతి సేవకుడికీ రోజుకు రెండుసార్లు పిల్లకు సీసాతో పాలు పట్టే అవకాశం, దానితో కలిసి నడిచే అవకాశం ఉంటాయని హామీ ఇస్తోంది. రెండవ కేంద్రం ఇచ్చిన జవాబు చదివి, నిజం చెప్పాలంటే, నాకు మనసు చివుక్కుమంది. పిల్లలను ముట్టుకోవడానికి వీలు లేదట. పాలగది శుభ్రం చేయడం, గడ్డి కోయడం, కంచె చూడడం, రాతపని చేయడం వంటివే ఇస్తారట. పోలీసు ధ్రువపత్రం కావాలట, నాలుగు వారాలకు బదులు కనీసం ఆరు వారాలు ఉండగలరా అని కూడా అడిగారు.

అంత దూరం వెళ్లి, పిల్లలను దగ్గరగా చూడకుండానే తిరిగి రావడంలో అర్థం ఉందా? శిక్షణ లేని నాలాంటి మనిషి వల్ల ఆ పిల్లలకు నిజంగా ఉపయోగం ఉంటుందా, లేక నా తృప్తి కోసమే వెళుతున్నానా? అనుభవం ఉన్నవారు దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పగలరు.

జవాబు 1

మీరు అడిగిన చివరి ప్రశ్నను బయలుదేరే ముందు వేసుకునేవారు తక్కువ. నేను వేసుకోలేదు, వెళ్లాక తెలుసుకున్నాను. అటువంటి ఒక కేంద్రంలో రెండు విడతలుగా మొత్తం ఐదు నెలలు పనిచేశాను కనుక, నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తాను.

మీకు మనసు చివుక్కుమనిపించిన రెండవ కేంద్రానికే వెళ్లండి. పిల్లలను ముట్టుకోనివ్వమని ముందుగానే చెప్పినవారు ఆ పిల్లలు ఏనాటికైనా అడవికి వెళ్లాలని కోరుకుంటున్నవారు. ఎవరు వస్తే వారి చేతికి సీసా ఇచ్చే చోట, ప్రతి రెండు మూడు వారాలకూ ఒక కొత్త వాసన, కొత్త గొంతు, కొత్త చేతులు ఆ పిల్ల ముందుకు వస్తాయి. ఒకసారి తల్లిని పోగొట్టుకున్న ప్రాణి, అలవాటైన మనిషిని మళ్లీ మళ్లీ పోగొట్టుకుంటూ పెరుగుతుంది. నేను పనిచేసిన చోట ఒక్కొక్క చిన్న పిల్లకు ఇద్దరు లేదా ముగ్గురు సంరక్షకులు మాత్రమే ఉండేవారు. వారు వేసుకునే దుస్తులు కూడా ఎప్పుడూ ఒకే రంగులో ఉండేవి, ఒకే సబ్బుతో ఉతికేవారు. ఖడ్గమృగానికి చూపు అంతంతమాత్రమే, లోకాన్ని అది ముక్కుతోనూ చెవులతోనూ తెలుసుకుంటుంది.

ఇక పని సంగతి. నెల నిండని పిల్లకు రాత్రి పగలు తేడా లేకుండా రెండు మూడు గంటలకొకసారి పాలు పట్టాలి. పట్టేది సంరక్షకులే అయినా, ఆ పాలు వారి చేతికి అందేలోపు జరగవలసిన పని చాలా ఉంటుంది. నీళ్లు కాచి చల్లార్చాలి, పొడిని కొలత ప్రకారం తూచాలి, ఉండకట్టకుండా కలపాలి, వేడిని థర్మామీటరుతో చూడాలి. తాగడం అయిపోగానే సీసాలను, రబ్బరు పాలపీకలను విడదీసి, బ్రష్షుతో తోమి, క్రిమిరహితం చేసి ఆరబెట్టాలి. ఐదు పిల్లలు ఉన్నప్పుడు ఈ చక్రం ఎక్కడా ఆగదు. పాలపీక లోపలి అంచున పాలమీగడ ఆవగింజంత మిగిలినా అది పిల్ల కడుపులోకి వెళుతుందని మొదటి రోజే నాకు చెప్పారు, ఆ భయం ఐదు నెలలూ నాతోనే ఉంది.

మీరు లెక్కల విభాగంలో పనిచేస్తానన్నారు. ఆ మాట మీరు ఏదో లోపం ఒప్పుకుంటున్నట్టుగా రాశారు, కానీ నాకు అన్నింటికంటే అదే ఆశ కలిగించింది. పాలగదిలో ప్రతి పిల్లకూ ఒక రిజిస్టరు ఉంటుంది. ఎన్ని గంటలకు, ఎంత కలిపారు, ఎంత తాగింది, ఎంత వదిలింది, పేడ ఎలా ఉంది, ఉదయం తూకం ఎంత అన్న వివరాలన్నీ అందులో రాయాలి. నేను రెండవసారి వెళ్లినప్పుడు అక్కడ ఒక వయసు మళ్లిన సేవకురాలు ఉండేవారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, బరువు ఎత్తలేరు, అందువల్ల రిజిస్టర్ల పని అప్పగించారు. ఒక నాలుగు నెలల పిల్ల వరుసగా మూడుసార్లు సీసా అడుగున కొద్దిగా పాలు వదిలిందని గమనించింది ఆవిడే. ఒక్కొక్కసారి వదిలింది చాలా తక్కువ, పైగా మూడుసార్లూ పాలు పట్టింది వేర్వేరు మనుషులు కావడంతో ఎవరికీ అనుమానం రాలేదు. ఆవిడ మూడు గడులనూ కలిపి చూసి, రాత్రి పదకొండు గంటలకు పశువైద్యుడికి ఫోను చేయించారు. తెల్లవారేసరికి పిల్లకు పారుడు మొదలైంది, అప్పటికే మందు పడింది కాబట్టి నిలబడగలిగింది. ఆవిడ ఆ పిల్లను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

దగ్గరగా చూడకుండా తిరిగి రావడం గురించి అడిగారు. చూస్తారు. తడికల సందుల్లోంచి, గడ్డి వేయడానికి వెళ్లినప్పుడు దడి అవతలి నుంచి, బురదగుంటలో పొర్లి లేచేటప్పుడు దూరం నుంచి రోజూ చూస్తారు. చేయి వేయాలనిపిస్తుంది, ఆ కోరికను ఆపుకోవడం కష్టంగానే ఉంటుంది. ఆ కష్టాన్ని పనిలో భాగంగా తీసుకోండి.

జవాబు 2

నేను పశువైద్యుడిని. ఖడ్గమృగాలతో నా పరిచయం పరిమితమైనదే అయినా, తల్లిలేని అడవి జంతువుల పిల్లలను సాకే పనిలో కొన్నేళ్లు ఉన్నాను. ముట్టుకోవద్దన్న నియమం ఎందుకు వచ్చిందో శరీరధర్మం వైపు నుంచి చెబితే మీకు నిర్ణయం సులభమవుతుందని రాస్తున్నాను.

తెల్ల ఖడ్గమృగం సుమారు పదహారు నెలలు గర్భం మోసి ఒకే పిల్లను కంటుంది. ఆ పిల్ల రెండు మూడేళ్ల వరకు, అంటే తల్లి మళ్లీ ఈనే వరకు, తల్లిని అంటిపెట్టుకుని ఉంటుంది. నడిచేటప్పుడు కూడా పిల్ల ముందు, తల్లి వెనుక. అంత కాలం ఒంటరితనం అంటే తెలియని ప్రాణి అది. తల్లి తుపాకీ దెబ్బకు పడిపోయినా పిల్ల కదలదు, శవం చుట్టూ తిరుగుతూ పాలు తాగడానికి ప్రయత్నిస్తుంది. కొమ్ము నరికేవారికి అడ్డు వస్తోందని గొడ్డలితోనో కత్తితోనో దాన్ని కూడా కొడతారు. మనుషులు కనుగొనేలోపు ఎండ, దాహం, హైనాలు. కేంద్రానికి వచ్చే పిల్ల ఇంత అనుభవించి వస్తుంది. మత్తుమందు ఇచ్చి, కళ్లకు గంతలు కట్టి, చెవుల్లో దూది కుక్కి తీసుకువస్తారు. వెలుతురూ చప్పుడూ తగ్గితే భయం తగ్గుతుందని అలా చేస్తారు.

భయం దానికి మనసులోనే ఆగదు. ఖడ్గమృగం గుర్రానికి దగ్గరి చుట్టం. ఆవులాగా నాలుగు అరల కడుపు, నెమరు దానికి లేవు, మేతను పెద్దపేగులో పులియబెట్టుకుంటుంది. గుర్రపు పిల్లల్లో లాగానే వీటిలోనూ ఆందోళన ఎక్కువైతే కడుపులో పుండ్లు పడతాయి. పాలు తాగడం మానేస్తుంది, నీరసిస్తుంది, అంటురోగం తగులుకుంటుంది. పైగా పుట్టిన తొలి గంటల్లో ముర్రుపాలు తాగలేని పిల్లకు రోగాన్ని తట్టుకునే శక్తి చాలా తక్కువ. ఊరి పశువుల దగ్గర తిరిగి వచ్చిన మనిషి బూట్ల మీది మట్టి కూడా దానికి ప్రమాదమే.

పాల విషయం కూడా చెప్పాలి. ఖడ్గమృగం పాలలో కొవ్వు చాలా తక్కువ, ఒక శాతానికి లోపే ఉంటుంది. పాల చక్కెర మాత్రం ఆవుపాలలో కంటే ఎక్కువ. మామూలు ఆవుపాలు పడితే అరగదు, కాబట్టి వెన్న తీసిన పాలపొడిలో గ్లూకోజు వంటివి కలిపి దగ్గరదగ్గరగా తయారు చేసుకుంటారు. దగ్గరదగ్గరగా అన్నాను, ఎందుకంటే తల్లి పాలకు సరిసమానమైనది ఎవరి దగ్గరా లేదు. కొలతలో చిన్న తేడా వచ్చినా పారుడు పట్టుకుంటుంది, అనాథ పిల్లలను ఎక్కువగా బలిగొనేవాటిలో అదొకటి. అడవిలో పిల్ల తల్లి పేడను కొద్దికొద్దిగా తింటుంది, మేతను అరిగించే సూక్ష్మజీవులు దానికి అలా చేరుతాయి. అందుకే కేంద్రాల్లో ఆరోగ్యంగా ఉన్న పెద్ద ఖడ్గమృగం పేడను తెచ్చి పిల్లలకు అందుబాటులో ఉంచుతారు. ఆ పేడ సేకరించి తెచ్చే పని మీకు ఇవ్వవచ్చు. ఇస్తే చిన్నతనంగా భావించకండి.

తోడు విషయంలో మాత్రం మనుషుల కంటే జంతువులే మేలు. రెండు పిల్లలు ఉంటే వాటిని కలిపి పెంచుతారు. ఒక్కటే ఉంటే కొన్నిసార్లు గొర్రెనో మేకనో జత చేస్తారు. 2014లో హూడ్‌స్ప్రుట్‌లోని కేంద్రానికి వచ్చిన గెర్ట్యీ అనే పిల్లకు ఒక గొర్రెపిల్లను తోడుగా ఇచ్చారు, రెండూ కలిసి తిరిగేవి. ఏడాది, ఏడాదిన్నర వయసులో పాలు మాన్పించే సమయానికి మనిషిని క్రమంగా తప్పించి, ఖడ్గమృగాల గుంపునే దానికి కుటుంబంగా మిగల్చాలి. నలభై యాభై కిలోల పిల్లగా ఉన్నప్పుడు మనిషి వెంట పరుగెత్తి రావడం ముద్దుగానే ఉంటుంది. అదే అలవాటు రెండు టన్నుల మగ జంతువుకు ఉంటే మనిషికి ప్రమాదం, తుపాకీ పట్టుకున్న మనిషి దగ్గరకు కూడా అలాగే వస్తే దాని ప్రాణానికే ప్రమాదం.

జవాబు 3

పై ఇద్దరూ అనుభవంతో రాశారు, వారి మీద నాకు గౌరవం ఉంది. అయినా నేను వేరే మాట చెప్పదలచుకున్నాను: మీరు వెళ్లకపోతేనే మంచిదేమో ఒకసారి ఆలోచించండి.

డబ్బు కట్టి జంతువుల పిల్లలను సాకే సేవకు దక్షిణాఫ్రికాలో చెడ్డ చరిత్ర ఉంది. సింహపు పిల్లలను తల్లి వదిలేసిన అనాథలని చెప్పి, విదేశాల నుంచి వచ్చిన యువతీయువకుల చేత పాలు పట్టించిన చోట్లు చాలా నడిచాయి. నిజానికి ఆ పిల్లలను పుట్టిన కొద్ది రోజులకే తల్లి నుంచి వేరు చేసేవారు. పెరిగాక వాటిలో చాలా వాటి గతి కంచెల మధ్య వేటకు, ఎముకల వ్యాపారానికి పోవడమే. 2021లో ఆ దేశ ప్రభుత్వం నియమించిన నిపుణుల బృందం సింహాలను బంధించి పెంచే ఈ పరిశ్రమను ముగించాలని సిఫారసు చేసింది. ఖడ్గమృగపు పిల్లల కేంద్రాలన్నీ అలాంటివని నేను అనడం లేదు, 2012లో లింపోపోలో వీటి కోసమే మొదలైన అనాథాలయం వంటివి నిజమైన పని చేస్తున్నాయి. కానీ మీకు వచ్చిన మొదటి ఉత్తరంలోని హామీ చదివితే నాకు ఆ సింహపు పిల్లలే గుర్తుకు వచ్చాయి.

రెండవది భద్రత. 2017 ఫిబ్రవరిలో క్వాజులు-నాటాల్‌లోని తులా తులా అనాథాలయంలోకి ఆయుధాలతో ఒక ముఠా చొరబడి, అక్కడి సిబ్బందిని బంధించి, గుగు, ఇంపి అనే రెండు పిల్లలను కొమ్ముల కోసం చంపింది. వాటి వయసు ఏడాదిన్నర. ఎంత కొమ్ము ఉంటుందండీ ఆ వయసులో? దాడి తరువాత ఆ కేంద్రం మూతపడింది. ఇలాంటి చోటికి వచ్చిపోయే ప్రతి కొత్త మనిషీ, తనకు తెలియకుండానే, దారులు, గేట్లు, కాపలా మారే వేళలు బయటికి మోసుకుపోయేవాడే. ఒక ఫోటో చాలు. ఫోనులో తీసిన ఫోటోకు స్థలం వివరాలు అంటుకుని ఉంటాయని చాలామందికి తెలియదు.

విమాన టికెట్టు, వీసా, రుసుము, దారి ఖర్చులు కలిపి మీరు పెట్టబోయే మొత్తం ఎంతో లెక్క కట్టండి, ఆ పని మీకు బాగా తెలిసిందే. అదే మొత్తం పాలపొడికో, కాపలాదారుల జీతానికో పంపితే ఎక్కువ మేలు జరుగుతుందని నా నమ్మకం. అనాథలు ఏర్పడకుండా ఆపే పనికి ఇస్తే ఇంకా మంచిది. గ్రేటర్ క్రూగర్ ప్రాంతంలోని అభయారణ్యాల మీద చేసిన పరిశోధన ఒకటి 2025లో వెలువడింది. మత్తు ఇచ్చి ముందుగానే కొమ్ము కోసివేసిన చోట వేట 78 శాతం తగ్గిందని అందులో తేలింది. కొమ్ము మన గోరు వంటిదే, కెరాటిన్; మళ్లీ పెరుగుతుంది, ఏడాదిన్నర, రెండేళ్లకొకసారి మళ్లీ కోయాలి. తల్లి బతికి ఉంటే పిల్లకు మనలో ఎవరి అవసరమూ ఉండదు.

వెళ్లాలనే నిశ్చయించుకుంటే మాత్రం కొన్ని ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. ఆ దేశ జీవవైవిధ్య చట్టం కింద 2007లో వచ్చిన నిబంధనల ప్రకారం, ప్రమాదంలో ఉన్న జాతులను సాకే కేంద్రాలు నమోదు చేయించుకోవాలి. ఆ నమోదు ఉందా? ఇప్పటివరకు ఎన్ని పిల్లలు వచ్చాయి, ఎన్ని చనిపోయాయి, ఎన్ని అడవికి వెళ్లాయి? చనిపోయినవాటి సంఖ్య చెప్పడానికి తడబడే చోటును నేను నమ్మను, ఎందుకంటే ఈ పనిలో ఎంత బాగా చూసుకున్నా కొన్ని చనిపోతాయి. సందర్శకులను లోపలికి రానిస్తారా? పెరిగిన జంతువులను ఎవరికైనా అమ్ముతారా? ఏ రకం వీసా మీద రావాలి? ఈ చివరి ప్రశ్నకు సరైన జవాబు ఇవ్వలేని చోటికి అసలు బయలుదేరవద్దు.

జవాబు 1 రాసినవారి నుంచి

భద్రత గురించి మీరు రాసిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తున్నాను. నేను పనిచేసిన చోట మా ఫోన్లలో స్థలం గుర్తించే సదుపాయం ఆపించి, ఫోటోలు పెట్టబోమని సంతకం తీసుకున్నారు. ఎన్ని పిల్లలు ఉన్నాయో బయట ఎవరికీ చెప్పకూడదన్నారు. నేను కేంద్రం పేరు ఇక్కడ రాయకపోవడానికి కూడా అదే కారణం. పున్నమి దగ్గర పడే రాత్రుల్లో కాపలా పెంచేవారు, వెన్నెల వేటగాడికి దీపం లాంటిది కనుక. ఆ రాత్రుల్లో మేము గదుల బయట దీపం వెలిగించేవాళ్లం కాదు.

అయితే డబ్బు పంపితే చాలునన్న మాటతో మాత్రం పూర్తిగా ఒప్పుకోలేను. డబ్బు అవసరమే, దానికి సందేహం లేదు. కానీ ఆ నెలల్లో నేను చూసినది సంరక్షకుల అలసట. పిల్లతో పాటు పరుపు వేసుకుని పడుకుని, రెండు గంటలకొకసారి లేచి పాలు పట్టే మనిషికి, సీసాలు కూడా తానే తోమవలసి వస్తే నిద్ర అనేది ఉండదు. నిద్ర లేని మనిషి కొలత తప్పుతాడు. సీసా తోమే మనిషిని జీతం ఇచ్చి ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచే పెట్టుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. పెట్టుకోవాలి, చాలామందిని పెట్టుకున్నారు కూడా. ఆ పైన ఒక్క కాలంలోనే నాలుగైదు పిల్లలు వచ్చిపడినప్పుడు అదనపు చేతులు కావాలి, ఆరు వారాలు స్థిరంగా ఉండేవారు అప్పుడు అక్కరకు వస్తారు. రెండు వారాలకు వచ్చేవారి విషయంలో మీ మాటే నా మాట: వారికి పని నేర్పడానికి పట్టిన సమయమే వారు చేసిన పని కంటే ఎక్కువ.

ప్రశ్న అడిగినవారి నుంచి

మీ అందరికీ కృతజ్ఞతలు. మొదటి కేంద్రానికి మూడవ జవాబులోని ప్రశ్నలన్నీ రాసి పంపాను. ఎన్ని పిల్లలు అడవికి వెళ్లాయన్న దానికి జవాబు లేదు; రుసుము ఎలా కట్టాలో మాత్రం మళ్లీ రాశారు. రెండవ కేంద్రం వారు నమోదు వివరాలు, చనిపోయిన పిల్లల సంఖ్యతో సహా అన్నీ పంపారు. ఆ సంఖ్య చూసి బాధ కలిగింది, అయినా నమ్మకం కుదిరింది. సెలవును ఆరు వారాలకు పొడిగించమని మా కార్యాలయంలో దరఖాస్తు పెట్టాను, దొరకకపోతే వచ్చే ఏడాదికి వాయిదా వేసుకుని, ఈ ఏడాది అనుకున్న టికెట్టు డబ్బును వారికి పంపుతాను.

ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. అస్సాంలో కూడా ఇటువంటి కేంద్రం ఉందని ఒక స్నేహితురాలు చెప్పింది, దాని గురించి తెలిసినవారు ఉన్నారా? రెండవది కొంచెం చిన్న విషయం. రాత్రివేళ డ్యూటీలో ఉన్నప్పుడు పిల్ల ఏడుస్తూ ఉంటే, దగ్గర ఎవరూ లేకపోతే, అప్పుడు కూడా లోపలికి వెళ్లకూడదా?

జవాబు 4

అస్సాం గురించి నేను చెబుతాను. కాజీరంగా పక్కన వన్యప్రాణుల పునరావాస కేంద్రం 2002 నుంచి పనిచేస్తోంది. అస్సాం అటవీ శాఖ, వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, ఒక అంతర్జాతీయ జంతు సంక్షేమ సంస్థ కలిసి దాన్ని నెలకొల్పాయి. అక్కడికి వచ్చే పిల్లల కథ వేరు. వాటిలో ఎక్కువ వాటిని తల్లి నుంచి విడదీసింది తుపాకీ కాదు, బ్రహ్మపుత్ర వరద. వానాకాలంలో నది పొంగి అభయారణ్యంలో చాలా భాగం మునిగిపోతుంది, పెద్ద జంతువులు ఎత్తైన నేల వెతుక్కుంటూ పోతాయి, ఈదలేని చిన్న పిల్లలు వెనుకబడి కొట్టుకుపోతాయి. పడవల మీద వెళ్లి వాటిని పట్టి తెస్తారు. వరదను మనం శాపంగా చూస్తాము కానీ, ఆ గడ్డిమైదానాలు, బీలులు (అక్కడి చిత్తడి చెరువులు) బతికి ఉన్నది కూడా ఆ వరద వల్లనే.

అక్కడ పెంచిన పిల్లలను మానస్ జాతీయ ఉద్యానవనానికి తరలించారు. 1980ల చివర మొదలైన అల్లర్ల కాలంలో మానస్‌లోని ఖడ్గమృగాలన్నీ వేటకు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో అక్కడికి మొదట వెళ్లినది, 2002లో కాపాడి చేత్తో పెంచిన ఒక ఆడ పిల్ల. ఆ తరువాత అలా వెళ్లినవాటిలో కొన్ని అక్కడే పిల్లలను కన్నాయి. సీసాపాలతో పెరిగిన జంతువు అడవిలో తన పిల్లకు తానే పాలిచ్చిందంటే ఆ పెంపకం ఫలించినట్టే. పాలు పట్టేది అక్కడ కూడా ఆ పనికే నియమితులైన సంరక్షకులు. బయటివారి సేవ విషయం ఆ కేంద్రానికి నేరుగా రాసి తెలుసుకోవడం మంచిది, మధ్యవర్తుల ద్వారా కాదు.

జవాబు 1 రాసినవారి నుంచి

రాత్రి గురించి మీరు అడిగినది చిన్న విషయం కాదు, నాకు అన్నింటికంటే ఎక్కువగా గుర్తున్నది అదే.

ఖడ్గమృగపు పిల్ల ఏడుపు ఆ శరీరానికి తగినట్టు ఉండదు. బండలాంటి ఆ ఒంట్లోంచి సన్నని, ఈల వంటి గొంతు వస్తుంది, వినేవారికి కాళ్లు నిలవవు. అక్కడ జూన్, జూలై చలికాలం; రాత్రులు ఎముకలు కొరికేంత చల్లగా ఉంటాయి. అటువంటి ఒక రాత్రి రెండు గంటలు దాటాక, పది రోజుల కిందట వచ్చిన పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. దాని సంరక్షకురాలు పక్క దడిలో మరొక పిల్లకు మందు ఇస్తున్న వైద్యుడికి సాయం చేయడానికి వెళ్లింది. నేను పాలగదిలో ఒక్కదాన్నే ఉన్నాను, మధ్యలో ఒక చెక్క తలుపు మాత్రమే అడ్డం. పిల్ల ఆ తలుపు దగ్గరకు వచ్చి, కింది సందులోంచి ముక్కు పెట్టి గాలి పీలుస్తోంది.

నేను తలుపు తీయలేదు. రేడియోలో ఆమెను పిలిచి, మాట్లాడకుండా, చప్పుడు చేయకుండా పాలు కలపడం మొదలుపెట్టాను. ఆమె రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది, గడియారం చూస్తూనే ఉన్నాను. ఆమె లోపలికి వెళ్లి నోటితో తన మామూలు చప్పుడు ఒకటి చేయగానే ఏడుపు ఆగిపోయింది. సీసాను కిటికీలోంచి అందించాను. తలుపు తీసి నేనే వెళ్లి ఉంటే ఏడుపు ఆగేది కాదేమో, లేదా ఆగి, నాలుగు వారాల తరువాత నేను విమానం ఎక్కిన రాత్రి మళ్లీ మొదలయ్యేదేమో.

ఖాళీ సీసా తిరిగి వచ్చింది, తోమాను. ఐదు గంటల పాలు కలపడానికి రిజిస్టరు తెరిచేసరికి రెండున్నర గంటల గడిలో ఆమె చేతిరాత ఉంది: పూర్తిగా తాగింది, పడుకుంది.